చూడనిది చెక్కని చెయ్యి

శాలిబండ ఎత్తు దిగి లాల్‌దర్వాజా వైపు మళ్ళే సందులో కంసాలి ఆగయ్య ఇల్లంటే అందరికీ తెలుసు. ముందు గది పనిశాల. దాని వెనక చిన్న వాకిలి, తులసి కోట, ఆ పైన వంటిల్లు. ముత్తాతల నాటి నుంచీ అది ముద్రలు చెక్కే ఇల్లు. జాగీర్దార్ల ఉంగరాలు, కచేరీ మొహర్లు, పెళ్ళి పత్రికల మీదకి పూలతీగలు, అన్నీ ఆ గదిలోనే పుట్టేవి. రాగి మీద గీత గీసే చెయ్యి ఆ ఇంటిదే అని చార్మినారు దగ్గర అత్తరు అమ్మేవాణ్ణి అడిగినా చెప్పేవాడు.

ఆ ఇంటి కోడలు రాజమణి. చెక్కడం మగవాళ్ళ పని. చెక్కబోయే రేకుకు మెరుగు పెట్టడం ఆడవాళ్ళ పని. చింతపండు, బూడిద కలిపి తోమాలి, కడగాలి, నీడన ఆరబెట్టాలి. ఆ తర్వాత అకీకు రాయితో రుద్దాలి. ఆ రాయి పావురం గుడ్డంత ఉంటుంది, అద్దమంత నున్నగా ఉంటుంది. చెయ్యి జారి రాగి మీద తప్పు గీత పడితే దాన్ని మాపేది కూడా ఆ రాయే. ఓపికగా రుద్దుతూ ఉంటే గీత కడుపులోకి పోయినట్టు పోతుంది. రాజమణి ఆ రాయిని ఎప్పుడూ కొంగు ముడిలోనే ఉంచుకునేది.

"మా అన్న తప్పులన్నీ నీ చేతిలనే మాస్తయి వదినె" అని మరిది ప్రహ్లాద్ ఎగతాళి చేసేవాడు. అచ్చు యంత్రం తిప్పేది అతనే. తిప్పినంత సేపూ నోరు మూసుకోని మనిషి.

"నీ తప్పులకు ఏ రాయి సాలదు తియ్యి" అనేది రాజమణి.

అప్పటికి రాజమణి ఐదు నెలల మనిషి. రెండుసార్లు నిలవని కడుపు మూడోసారి నిలిచింది. రోజూ పొద్దున్నే కామాక్షమ్మ పటం ముందు దీపం పెట్టి, "తల్లీ, నాకేం వద్దు. ఇదొక్కటి నా ఒళ్ళో పడనియ్యి" అని మొక్కుకునేది. ఆమెకు లోకంలో వేరే కోరిక లేదు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. బొంబాయి నుంచి సరుకు రావడం తగ్గింది. బాంబుల భయానికి రాత్రిళ్ళు దీపాలకు నల్లగుడ్డ చుట్టమన్నారు. ఆ వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం అజ్మత్ అలీ సాబ్ టాంగా దిగాడు. ముసలాయన. షేర్వానీ మీద పాన్ మరకలు, జేబులో ఎప్పుడూ గలగలలాడే పాత బిళ్ళలు. ఆయన తాత నాణేల మీద పెద్ద గ్రంథం రాయించాడని ఊళ్ళో చదువుకున్నవాళ్ళకు తెలుసు. అది మళ్ళీ అచ్చు వేయించాలని ఆయన పిచ్చి.

"జేబుల ఖజానా వచ్చింది" అని ప్రహ్లాద్ లోపలికి వినిపించేట్టు అన్నాడు.

"విన్నరా బద్మాష్" అని నవ్వి, సాబ్ చంకలోని మూట పనిబల్ల మీద పెట్టాడు. మైనపు గుడ్డలో చుట్టిన రేకు అది. పలకంత వెడల్పు. పైన మైనమో లక్కో, నల్లగా మందంగా కరడు కట్టి ఉంది.

"సైదాబాద్ తోట బంగ్లా కప్పు వానకు కూలింది ఆగయ్యా. అటక మీద పెట్టె కింద పడ్డది. పెట్టె మూతకు చుట్టూ మేకులు. మా తాత కొట్టిచ్చిండు. ఇదొక్కటే ఉన్నది అండ్ల. మిగిలిన రేకుల బొమ్మలన్నీ కితాబుల వచ్చినయి. ఇది రాలె. ఎందుకు రాలెనో ఖుదాకు ఎరుక."

"ఎవరి చెయ్యి?" అన్నాడు ఆగయ్య.

"ఎవరిదేంది. మీ ముత్తాత గుండయ్యది."

వాకిలి అవతల వంటింట్లో మంచం మీదున్న అత్తగారు నాగమణమ్మ ఆ పేరు వినగానే లేచి కూర్చుంది. కాళ్ళు పడిపోయిన మనిషి, చెవులు మాత్రం పడలేదు.

సాబ్ పాన్ నములుతూ చెప్పాడు. ఆయన తాతకు మట్టిలో రోము దేశపు బంగారు బిళ్ళలు దొరికాయట. వాటి మీద రాజుల తలలుండేవి. అరిగి అరిగి మొఖాలు పోయాయి. "మా తాత అన్నడు, గుండయ్యా, నీ మనసుకొచ్చిన మొఖం పెట్టు, ఎవరు చూడొచ్చిండ్రు అని. గుండయ్య ససేమిరా అన్నడు. చూడనిది నేను చెక్క అన్నడు."

"అది మా ఇంటి కట్టు సాబ్" అంది నాగమణమ్మ మంచం మీంచే గొంతు పెంచి. "చేతిల పట్టుకొని చూడనిది చెక్కరాదు."

"అదే కదా. మస్తు రోజులు లొల్లి నడిచింది. ఆఖరుకు ఒకరోజు గుండయ్యే వచ్చి, చెక్కిన సర్కార్ అని ఈ రేకు ఇచ్చిండట. ఎక్కడ చూసిండో ఆ మొఖాలు." సాబ్ నవ్వాడు. జేబులో బిళ్ళలు గలగలమన్నాయి.

నాగమణమ్మ నవ్వలేదు. గుండయ్య కాశీకి పోయి తిరిగి రాలేదని ఆ ఇంట్లో చెప్పుకునే మాట. ఆమె ఆ మాటైనా అనకుండా గోడ వైపు తిరిగి పడుకుంది.

సాబ్ వెళ్ళాక రాజమణి రేకును వాకిట్లోకి తెచ్చింది. కుంపటి మీద చూపించి మైనం కరిగించింది. వేడి తగలగానే వాసన లేచింది. మైనం కాలిన వాసన కాదు. వెంట్రుకలు కాలిన వాసన. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చింతపండు పట్టించి తోమింది. తోమిన నీళ్ళు ఎర్రగా కారాయి. రాగి కిలుము పచ్చగా దిగుతుంది. ఇంత ఎర్రగా దిగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

కడిగి, వెలుగుకు పట్టుకుంది.

రేకు మీద వరసగా ఆరు వలయాలు. ఐదింటిలో ఐదు తలలు. ఆరోది ఖాళీ. బిళ్ళ మీద రాజు తల పక్కకు తిరిగి ఉంటుందనీ, మెడ దగ్గర నున్నగా ఒక వంపు గీతతో ఆగిపోతుందనీ ఆ ఇంటి కోడలిగా ఆమెకు తెలుసు. ఇవి ఎదురుగా తిరిగి ఉన్నాయి, మెడ దగ్గర అట్లా ఆగలేదు. మెడలు పీలికలు పీలికలుగా ఉన్నాయి. నరాలు వేలాడుతున్నట్టు సన్నటి గీతలు. మొదటిది నుదుట గాటున్న ముసలివాడు. రెండోది ఆడమనిషి, ముక్కున బేసరి. రోము రాజులకు బేసరి ఉంటుందా?

"ఇగో, ఒకసారి చూడు" అని మొగుణ్ణి పిలిచింది. "ఈ మెడలేంది గిట్లున్నయి."

ఆగయ్య మెడలను చూడలేదు. గీతల లోతు చూశాడు, మెలిక చూశాడు. అతని మొఖం దీపం పెట్టినట్టు వెలిగింది. "ఏం చెయ్యే ఇది... ఏం చెయ్యి. ఒక్క గీత తప్పు లేదు." వేలితో కళ్ళ చోటు తడిమాడు. "కండ్లు పెట్టలె రాజమణి. ఐదింటికీ కండ్ల దగ్గర సదునే ఉన్నది. తాత పని అధూరా ఉండిపోయింది."

బొమ్మ ఏదైనా కళ్ళు ఆఖరున తెరిపించడం వాళ్ళ కులంలో ఆచారం. దేవుడి బొమ్మకైనా, దొర బొమ్మకైనా అంతే. స్నానం చేసి, దీపం పెట్టి, అమ్మవారికి మొక్కి, అప్పుడు కంటి గీత గీస్తారు. కళ్ళు తెరవని బొమ్మను ఇంట్లో ఉంచడం అరిష్టం. అందుకే ఆగయ్యకు వేరే ఆలోచన రాలేదు. రాజమణికీ రాలేదు. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు, మెట్టినవాళ్ళకు వచ్చే ఆలోచన అదొక్కటే.

ఆ సాయంత్రం ప్రహ్లాద్ రేకుకు సిరా పూసి, తుడిచి, తడి కాగితం పరిచి ఒక అచ్చు తీశాడు. ఉన్నది ఉన్నట్టు చూడటానికి. దాన్ని ఆరడానికి తీగ మీద వేశాడు. అది ఎవరూ సరిగా చూడలేదు.

మర్నాడు పొద్దున ఆగయ్య తలస్నానం చేశాడు. దేవుడి గూట్లో కుంకుమ బొట్లతో ఉండే గుండయ్య చీరణం తీశాడు. దసరాకు తప్ప దాన్ని ఎవరూ ముట్టరు. చందనపు పిడి, సన్నటి ఉక్కు మొన. ఆ పిడి అతని అరచేతిలో ఎంత ఇమిడిందంటే, చెయ్యి దానికోసమే పుట్టినట్టుంది. దీపం ముందు కూర్చుని ఒక్కొక్క కన్నే తెరిపించాడు.

మధ్యాహ్నానికి లేచాడు. అన్నానికి రాలేదు. రాజమణి కంచం తీసుకుపోతే, అతను ఆమె గడ్డం కింద వేలు పెట్టి మొఖాన్ని వెలుగు వైపు తిప్పాడు. కొత్త పెళ్ళాన్ని చూసినట్టు కాదు. సంతలో బేరానికి వచ్చిన వస్తువును చూసినట్టు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఏంది?"

"ఏం లేదు. దవడ కింద నీడ బాగుంటది నీకు."

అతని వేళ్ళ నిండా రాగి పొడి ఉంది. అది ఆమె గడ్డానికి అంటింది. కడుక్కున్నా ఆ చల్లదనం పోలేదు.

సాయంత్రమయ్యింది. వాన మొదలైంది. పెంకుల మీద సన్నగా, ఆపకుండా. దీపానికి నల్లగుడ్డ చుట్టడంతో పనిశాలలో వెలుగు బల్ల మీద అరచేతంత మేరకే పడింది. సిరా వాసన, తడి కాగితం వాసన, వాటి కింద నుంచి ఆ వెంట్రుకల వాసన మళ్ళీ.

"వదినె, ఒకసారి రా" అని ప్రహ్లాద్ పిలిచాడు. గొంతులో ఎగతాళి లేదు. అప్పుడే తీసిన అచ్చు పట్టుకుని ఉన్నాడు. "కండ్లు అన్న నడిమిట్ల పెట్టిండు. నేను చూసిన. రేకు మీద నడిమిట్లనే ఉన్నయి. కాయిదం మీద చూడు."

కాగితం మీద ఐదు తలలూ కళ్ళు తెరిచి ఉన్నాయి. ఐదు తలల కళ్ళూ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. ఆరో వలయం వైపు. ఖాళీగా ఉన్న దాని వైపు.

ఆగయ్య చీకట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. "అడుగుతున్నయి" అన్నాడు మెల్లగా. "ఎవరు, ఎవరు అని..."

"అన్నా, నీకు నిద్ర లేదు. పోయి పండుకో" అన్నాడు ప్రహ్లాద్. "దీన్ని రేపు సాబ్ మొఖాన కొడ్దాం. నాకైతే ఈ బేసరామె అస్సలు నచ్చలె. నా పెండ్లాం ఇట్లుంటే నేను ఫకీర్లల్ల కలుస్త."

రాజమణికి నవ్వు రాలేదు. తీగ మీద ఆరిన నిన్నటి అచ్చు తీసుకుని వాకిలి దాటి వంటింట్లోకి వచ్చింది. పొయ్యి దగ్గర కూర్చుని మంట వెలుగులో చూసింది.

రాగి మీద కనిపించనివి కాగితం మీద నల్లగా పడతాయి. ఆగయ్య చదునుగా ఉందన్న చోట గీతలున్నాయి. వెంట్రుక కంటే సన్నవి. ఒక్కో కంటి మీద ఒక వంపు. దాని అంచున కిందికి వాలిన రెప్ప వెంట్రుకలు.

కళ్ళు పెట్టక కాదు.

మూసుకుని ఉన్నాయి.

గుండయ్య చూసింది చూసినట్టే చెక్కాడు.

"అత్తమ్మా" అంది. కాగితం ఆమె మంచం మీద పెట్టింది.

నాగమణమ్మ దాన్ని మంట వెలుగుకు పట్టి చూసింది. గొంతు తగ్గించి చెప్పింది. "మా అత్త పాణం పొయ్యేముందు నాకు చెప్పింది. నేను నమ్మలె. ఆ కితాబు చేసే ఏడు, సైదాబాద్ తోటల పనోళ్ళు పోయిండ్రట. తోటమాలి, అతని పెండ్లాం, ఇంకా ఎవరో. గత్తర రోగం వచ్చింది అన్నరు. తలలు లేకుంట చేసే గత్తర ఎక్కడుంటది పిల్లా?"

"కాశి..."

"ఏ కాశి. ఆ తోటలనే బొంద పెట్టిండ్రు గుండయ్యను, ఆరో మనిషి మీద చెయ్యి వేసినంక. ఆరో మనిషి బతికి బయటపడ్డడు."

అప్పటిదాకా పనిశాల నుంచి యంత్రం తిరిగే చప్పుడు వినిపిస్తోంది. కిర్రు... కిర్రు... అది ఆగిపోయింది.

వాన చప్పుడు ఒక్కటే.

తర్వాత ఇంకో చప్పుడు. తడిగుడ్డ పిండినట్టు. మళ్ళీ. మళ్ళీ.

రాజమణి లేచింది. వాకిలి దాటి పనిశాల గడప దగ్గర నిలబడింది. లోపల దీపం కింద ప్రహ్లాద్ యంత్రం బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు. కాళ్ళు ఇటు వేలాడుతున్నాయి. ఒక చెప్పు ఊడి ఉంది. ఆగయ్య అతని మీదికి వంగి, ఒక చేత్తో గడ్డం పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో చీరణం నడుపుతున్నాడు. కోపంగా కాదు. తొందరగా కాదు. రాగి మీద నడిపినట్టే... చిన్న చిన్నగా, ముందుకు తోసి, ఆపి, నోటితో ఊది, మళ్ళీ తోసి. నల్లటిదేదో బల్ల అంచు నుంచి నేలకు తాడులా కారుతోంది.

ప్రహ్లాద్ మడమ ఇంకా కొట్టుకుంటోంది.

గడప పక్కనే పీట మీద రేకు ఉంది. ఎందుకు తీసిందో రాజమణికి తెలియదు. దాన్ని కడుపుకు అదుముకుని వెనక్కి అడుగులు వేసింది. వాకిట్లో జారింది. మోకాలు పగిలింది. లేచి వంటింట్లో పడి తలుపు గడియ వేసింది.

"అత్తమ్మా... ప్రహ్లాద్..."

నాగమణమ్మ కోడలి పాదాల నిండా ఉన్నది చూసింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

అడుగులు వచ్చాయి. తడి అడుగులు. తలుపు ముందు ఆగాయి.

"రాజమణి." ఎప్పుడూ పిలిచే గొంతే. అన్నం పెట్టమని అడిగే గొంతే. "రేకు ఇయ్యి."

ఆమె రేకును ఇంకా గట్టిగా అదుముకుంది.

"తొందరగ ఇయ్యి. మొఖం సల్లబడుతున్నది... సల్లబడితే గీతలు మారుతయి. మరిచిపోత మళ్ళ."

తలుపు చెక్కల నడుమ వేలు పట్టేంత సందు ఉంది. చూడొద్దు అనుకుంటూనే చూసింది. అతని చెయ్యి కనిపించింది. ఆ చేతిలో జుట్టు. ఆ జుట్టుకు ప్రహ్లాద్ మొఖం. రెప్పలు వాలి ఉన్నాయి. నోరు మాత్రం ఏదో అనబోయి ఆగినట్టు తెరిచి ఉంది.

తలుపు మీద ఇనుప చువ్వ పడింది. యంత్రం తిప్పే చువ్వ. ఒక దెబ్బ. ఇంకో దెబ్బ. గడియ మేకు లేచింది.

పొయ్యి వెలుగులో రేకు మీద ఐదు జతల కళ్ళు మెరిశాయి. ఇప్పుడవి ఆరో వలయాన్ని చూడటం లేదు. ఆమెను చూస్తున్నాయి. ఆమె కడుపును చూస్తున్నాయి.

మొగుడు గీసిన తప్పు గీతలు అవి. తప్పు గీతలను మాపే రాయి ఆమె కొంగులో ఉంది.

రేకును నేల మీద పెట్టి, మోకాలితో అదిమిపట్టి, మొదటి కంటి మీద అకీకు రాయి ఆనించి రుద్దింది.

బయట కేక. "నా కన్ను..."

రాజమణి చెయ్యి ఆగింది.

"నా కన్ను... రాజమణి, ఏం చేస్తున్నవే... నాకు సీకటైతున్నది."

ఇది ఆగయ్య గొంతు. పక్కా అతనిదే. పెళ్ళినాడు జీలకర్ర బెల్లం పెడుతూ, తలమీద చెయ్యి బరువుగా ఉందా అని గుసగుసగా అడిగిన గొంతు. ఆమెకు కళ్ళ నీళ్ళు వచ్చి రేకు మీద పడ్డాయి. "తల్లీ కామాక్షమ్మా" అంది. ఏం కోరాలో తెలియలేదు.

చెక్క పగిలింది. సందులోంచి చెయ్యి లోపలికి వచ్చింది, మోచేతి దాకా ఎర్రగా. చీరణం మొన గాలిలో వెతికింది... దవడ కింద ఆమె మెడకు తగిలింది. నొప్పి లేదు. చల్లగా ఒక గీత. ఆ చెయ్యి కిందికి, కడుపు వైపుకు దిగుతోంది.

"ఒకటే పని చెయ్యాలె నువ్వు" అంది నాగమణమ్మ. మంచం మీంచి దొర్లి, చేతుల మీద పాక్కుంటూ వచ్చి, కొడుకు చెయ్యిని రెండు చేతులా పట్టుకుని ఒళ్ళంతా బరువు వేసి వేలాడింది. చీరణం ఆమె భుజంలో దిగింది. తియ్యనివ్వలేదు. "రుద్దు బిడ్డా. వాడు నా కొడుకే. రుద్దు."

రాజమణి రుద్దింది. బయట కేకలు కుక్క అరుపులయ్యాయి, తర్వాత పసిపిల్ల ఏడుపయ్యాయి. ఆమె రుద్దింది. వేళ్ళ చర్మం లేచింది. ముసలివాడి కళ్ళు పోయాయి. బేసరి మనిషి కళ్ళు పోయాయి. ఒక్కొక్క కన్ను రాగి కడుపులోకి పోయింది. ఆఖరి కన్ను మాసిపోయేసరికి పొయ్యిలో నిప్పు ఆరిపోవచ్చింది.

చప్పుడు ఆగింది. చెయ్యి మెత్తబడింది.

చాలాసేపటికి రాజమణి తలుపు తీసింది. ఆగయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను జోకొట్టినట్టు జోకొడుతున్నాడు. అలికిడి విని మొఖం ఎత్తాడు.

కళ్ళుండాల్సిన చోట చర్మం ఉంది. గాయం లేదు. రక్తం లేదు. రెప్ప లేదు, రెప్పకు గీత లేదు, ఒక్క వెంట్రుక లేదు. నుదురు నుంచి చెంప దాకా ఒకటే నునుపు, మెరుగు పెట్టిన రేకులా.

పోలీసులు వచ్చారు. తీసుకుపోయారు. అతణ్ణి చూసిన హకీము, ఈ మనిషికి పుట్టుక నుంచీ కళ్ళు లేవు అన్నాడట. ఇరవై ఏళ్ళుగా ముద్రలు చెక్కిన మనిషి అని సందు సందంతా చెప్పినా నమ్మలేదు. ఆగయ్య బందిఖానాలో నెల తిరగకుండా పోయాడు. చివరి రోజుల్లో కుడిచెయ్యి గాలిలో ఏదో గీస్తూనే ఉండేదని చెప్పారు.

అజ్మత్ అలీ సాబ్ ఆ రాత్రి గడిచిన మూడో నాడే వచ్చాడు. గడప దాటలేక బయటే కూలబడి ఏడ్చాడు. "నా చేతులతో తెచ్చిన బిడ్డా" అన్నాడు. రాజమణి రేకు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆ పొద్దుదాకా దాన్ని తిప్పి చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది.

ఐదు తలలూ కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఆమె రుద్దిన మరకైనా లేదు. ఆరో వలయం నిండింది. నోరు కొంచెం తెరిచి, ఏదో ఎగతాళి అనబోయి ఆగినట్టు. ఆ రేకు ఆనాటి నుంచీ ఆమె చేతిలోనే ఉంది. ఏ చీరణమూ తగల్లేదు.

ఆరోదాని పక్కన, అంచు దగ్గర, కొత్తగా ఇంకో వలయం ఉంది. సన్నగా. ఖాళీగా.

సాబ్ దాన్ని ముట్టలేదు. జేబులోని బిళ్ళలన్నీ తీసి అక్కడే మట్టిలో పారబోసి, టాంగా కూడా పిలవకుండా నడిచి పోయాడు.

రాజమణి రేకును కంచరి కొలిమికి తీసుకుపోయింది. పాత గిన్నెలతో పాటు మూసలో వేయించింది. అది ఎర్రబడి, మెత్తబడి, నీళ్ళయ్యేదాకా అక్కడే నిలబడి చూసింది. కరిగిన రాగిలో ఏ ముక్క ఏదో దేవుడికి కూడా తెలియదు అన్నాడు కంచరి. ఆ మాట విని ఆమె ఇంటికి వచ్చి, తలస్నానం చేసి, దీపం పెట్టింది.

కడుపు నిలిచింది. ఆడపిల్ల పుట్టింది. కామాక్షి అని పేరు పెట్టుకుంది. పిల్ల కళ్ళు పెద్దవి, నల్లవి. నిద్రలో రెప్పలు వాలితే రాజమణి భయపడి లేపేది. "పండుకోనియ్యవే పిచ్చిదానా" అని నాగమణమ్మ తిట్టేది. భుజం గాయం మానినా ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. రాజమణి మెడ మీద గీత కూడా పోలేదు. వెంట్రుకంత సన్నగా, దవడ కింద. పుస్తెల తాడు సర్దుకున్నట్టు కొంగు సర్దుకుంటే కనిపించేది కాదు. భర్త పోయాక ఆ తాడూ లేదు.

యుద్ధం అయిపోయింది. నల్లగుడ్డలు తీసేశారు. కామాక్షికి అక్షరాభ్యాసం పెట్టుకున్నారు. రాజమణి అన్న సీతారాం మేనకోడలికని నయాపూల్ దగ్గర అంగట్లో కొత్త రాగి చెంబు కొని తెచ్చాడు. "సూడు ఎట్ల మెరుస్తదో. ఇసొంటి రాగి ఇప్పుడు దొరుకుడు కష్టం" అన్నాడు.

కొత్తదైనా తోమకుండా దేవుడి ముందు పెట్టకూడదు. రాజమణి చింతపండు, బూడిద తీసుకుని తులసి కోట దగ్గర కూర్చుంది. తోమింది. నీళ్ళు కొంచెం ఎర్రగా కారినట్టనిపించింది. బూడిదలో ఇటుక పొడి కలిసిందేమో అనుకుంది. చెంబు అడుగున సన్నటి వలయం ఒకటి వేలికి తగిలింది. చెంబుకు అడుగున వలయం ఉండటం వింత కాదు. కంచరి సుత్తె తిప్పిన గుర్తు అది. ఏ చెంబుకైనా ఉంటుంది.

కడిగి, నిండా నీళ్ళు పోసి, పూజకు పూలు తేవడానికి లేచింది.

పిల్ల చెంబు మీదికి వంగి చూస్తోంది. పొద్దుటి ఎండ పడి నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఏం చూస్తున్నవే?"

"నన్నే" అంది కామాక్షి.

"ఎట్లున్నవ్? మంచిగున్నవా?"

పిల్ల తల ఎత్తి తల్లిని చూసింది. పెద్ద కళ్ళు, ఇంతింత తెరుచుకుని ఉన్నాయి. మళ్ళీ వంగి నీళ్ళలోకి చూసింది. ఎవరినో లేపకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"పండుకున్న అమ్మా."

రాజమణి చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. రాయి అక్కడే ఉంది. రాగి మీది గీతనైతే మాపగలదు. నీళ్ళలో మూసుకుని ఉన్న కళ్ళను ఏం చెయ్యాలో తెలియక, పిల్లను అట్లాగే పట్టుకుని కూర్చుంది. ఆ వేళ గాలి లేదు. ఎవరూ ముట్టలేదు. చెంబులో నీళ్ళు మాత్రం, అడుగు నుంచి ఎవరో నోటితో ఊదినట్టు, ఒకసారి వలయంగా కదిలి ఆగాయి.